ఒక మడత తక్కువ

1
పెట్టె మాట: ఒక మడత. మా చాప: రెండు.

అద్దె పడవకి తెరచాప మనదే తెచ్చుకోవాలన్నది ఈ దీవుల్లో పద్ధతి. అందుకని మా మూడు పడవల చాపలూ ఉప్పాడలో నేనే నేసి తెచ్చాను. ఒక్కోదానికి కింది మూల చిన్న జాందానీ బుటా వేశాను. మొదటి పడవకి చిలక, మాకు మామిడి పిందె, మూడోదానికి హంస. చాపకి బుటా ఏమిటని మా తమ్ముడు లింగం నవ్వాడు. నవ్వినవాడే చిలక తనకే కావాలని పట్టుబట్టి తీసుకున్నాడు.

లింగం నిన్ననే గ్రెనడా రేవు వదిలాడు. వాడి పడవలో వాడూ, నేర్పే సరంగు సెడ్రిక్కూ ఇద్దరే. మేము ఈరోజు బయల్దేరాం. రేపు మూడోది, కామేశం బాబాయి వాళ్ళది, పిల్లలతో కలిపి పదకొండు మంది. ఇలా ఒకరి వెనక ఒకరు వెళితే ముందువాళ్ళు చూసిన గాలి వెనకవాళ్ళకి తెలుస్తుంది. దీవి తర్వాత దీవి దాటుకుంటూ మార్టినీక్ చేరితే పడవ నడపడం నేర్పే ఈ గాలిబడి పూర్తయినట్టు. తర్వాత ఊరికి వెళ్ళి సొంతంగా సరుకు పడవ నడుపుకోవచ్చు. ఇంజను చప్పుడు విన్నవాళ్ళు మా అత్త తరంతో సరి. ఇప్పుడు చుక్కాని పట్టడం రానివాళ్ళకి కాకినాడ రేవులో మూటలు మొయ్యడమే గతి.

మా పడవలో ముగ్గురం. నేను, మా మేనత్త అచ్చియ్యమ్మ, మాకు నేర్పే జోసెలిన్. అమ్మ పోయాక నన్నూ లింగాన్నీ పెంచింది అత్తే. జోసెలిన్ ఈ దీవుల మనిషి, యాభై దాటిన ఆవిడ. మా వైపు వాళ్ళకి నేర్పి నేర్పి తెలుగు పట్టేసింది. అందరూ సరంగమ్మ అంటారు. ఆవిడ తెలుగులో 'మీరు' అనే మాట లేదు. మా అత్తని కూడా "ఏమే అచ్చమ్మా" అంటుంది. అత్త పొద్దున్న మూతి ముడిచింది, మధ్యాహ్నానికి అలవాటు పడిపోయింది.

మొదటి పాఠం కొండ చాటున జరిగింది. ఇక్కడ గాలి ఎప్పుడూ తూర్పు నుంచే. దీవికి పడమటి పక్కన ఉంటే కొండ దాన్ని ఆపేస్తుంది. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు ఉన్నాయి. నేను హుషారుగా పెద్దచాప మొత్తం ఎత్తేశాను. సరంగమ్మ మామిడిపండు చీకుతూ కూర్చుంది. కొండ కొస దాటామో లేదో, గాలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. పడవ పక్కకి ఒరిగిపోయింది. అత్త పప్పుగిన్నెతో సహా దొర్లింది.

"ఇప్పుడు పెట్టవే మడత," అంది సరంగమ్మ.

"ఇప్పుడెలా పెడతాను?"

"ఆయ్. అదే చెప్తున్నా. కొండ చాటున ఉండగానే పెట్టుకోవాలి. గాలి తగిలేక పెట్టేది మడత కాదు, గొడవ."

చాప అడుగుభాగాన్ని చుట్టి కట్టేస్తే చాప చిన్నదవుతుంది, గాలి పట్టు తగ్గుతుంది. దాన్నే మడత అంటాం. ఒక్కో చాపకి మూడు వరసల కట్టుతాళ్ళు ఉంటాయి. మూడు మడతలూ పెట్టినా పడవ మాట వినకపోతే ఇక చాప దింపెయ్యడమే. ఆ గొడవలోనే కిందా మీదా పడి రెండు మడతలు పెట్టాం. నా మోచేతులు రెండూ గీసుకుపోయాయి.

దీపాల వేళ గాలిపెట్టె ముందు కూర్చున్నాం. ఆకాశంలో తిరుగుతూ మనకి వాతావరణం చెప్పిన యంత్రాలన్నీ రాలిపోయాక, గాలి కబురు చెప్పేది ఇదొక్కటే. ఆ రోజు ఎన్ని మడతలు పెట్టాల్సి వచ్చిందో ప్రతి పడవా ఇందులో చెప్పాలి. పెట్టె ఆ మాటలన్నిటినీ ఎవరి గొంతులో వాళ్ళవి వరసగా వినిపించి, అన్నీ కలిపి లెక్క కట్టి, రేపటికి ఎన్ని మడతలు కావాలో చెబుతుంది, ఆ అంకె పొద్దున్న మళ్ళీ ఒకసారి అంటుంది.

మేము పెట్టింది రెండు. అత్త పెట్టె మూతిని కొంగుతో తుడిచి, దగ్గరికి వంగి, "రెండో పడవ. ఒక మడత. అంతా మామూలే," అంది.

సంధ్యవేళ చెడ్డమాట పలకకూడదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, ఏమంటే దానికల్లా తథాస్తు అనేస్తారు. అందుకని మా వాళ్ళెప్పుడూ ఒక మడత తగ్గించే చెబుతారు. వినేవాళ్ళు ఒకటి కలుపుకుంటారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు గానీ మా వాళ్ళందరికీ తెలుసు. సరంగమ్మకి తెలియదు.

2
పెట్టె మాట: ఒకటి. మా చాప: రెండు.

ఈరోజు నాకు మార్కులు పడ్డాయి. సరంగమ్మ చాపకి రెండు పక్కలా దారప్పోగులు కట్టింది. రెండు పోగులూ తిన్నగా వెనక్కి ఎగురుతుంటే చాప సరిగ్గా ఉన్నట్టు. గాలివైపు పోగు వేలాడిపోతే తాడు కాస్త లాగాలి, అవతలి పోగు వేలాడితే కాస్త వదలాలి. బట్ట బిగువు కంటితో చూసి చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న పనే కనక ఇందులో ఇబ్బంది పడలేదు. జోరుగాలి వచ్చినప్పుడు మాత్రం చుక్కానిని రెండు చేతులా పట్టుకుని పెనుగులాడాను.

"కుస్తీ పట్టకే," అంది సరంగమ్మ. "జోరొచ్చినప్పుడు ముక్కుని గాలివైపు ఒక్క పిసరు తిప్పు. చాపలో ఎక్కువైంది కారిపోద్ది. జోరు తగ్గేక మళ్ళీ దారిలో పెట్టు."

అలా చేస్తే నిజంగానే చుక్కాని తేలికైపోయింది. నాలో నేను మురిసిపోయాను. లింగానికి చెప్పాలనుకున్నాను గానీ కుదరలేదు. కారియాకూ దీవి వెనక ఆగాం, కొండ అడ్డొచ్చి గాలిపెట్టెకి ఏదీ అందలేదు. మేము పలికిందీ లేదు, విన్నదీ లేదు. వాడి గొంతు వినకుండా నిద్రెలా పడుతుందని అత్త సణిగింది.

3
పెట్టె మాట: ఒకటి. మా చాప: రెండు, మధ్యాహ్నానికి మూడు.

పడవని నిలబెట్టడం నేర్చుకున్నాం. లంగరు వెయ్యకుండా, నడిసముద్రంలో. ముందుచాపని గాలి వచ్చే పక్కకి లాగి కట్టాలి. పెద్దచాప వదులు చెయ్యాలి. చుక్కాని పిడిని గాలి పోయే పక్కకి తోసి కట్టేయాలి. ముందుచాప పడవని ఇటు తోస్తుంటే చుక్కాని అటు తిప్పుతుంది. రెండూ పోట్లాడుకుంటుంటే పడవ మధ్యలో కదలకుండా ఊగుతూ ఉంటుంది. అప్పటిదాకా హోరున అరిచిన గాలి ఉన్నట్టుండి ఎక్కడో పక్కింట్లో అరుస్తున్నట్టు అయిపోయింది.

"ఇద్దరు కోడళ్ళ మధ్య మా నాన్న ఇలాగే కూచునీవోడు," అంది అత్త. సరంగమ్మకి అర్థమై పడీ పడీ నవ్వింది.

"ఇది బాగా నేర్చుకోండే. ఏటీ చెయ్యలేనప్పుడు చెయ్యాల్సింది ఇదే," అని, నా చేత నాలుగుసార్లు చేయించింది. బెకియా చేరేసరికి చేతులు బొబ్బలెక్కాయి.

దీపాల వేళ లింగం పలికాడు. "ఒకటో పడవ. ఒక మడత. ఏమే అక్కా, మడత సరిగ్గా పెట్టేవా, బీరువాలో చీర పెట్టినట్టు పెట్టేవా?" అత్త మొహం చాటంత అయింది. మేము మూడు పెట్టాం కనక అత్త ధైర్యం చేసి "రెండు" అనబోయి, పొద్దున్న కొండ దాటాక పెట్టె చెప్పింది ఒకటే కదా అనుకుందేమో, "ఒక మడత" అనేసింది.

తర్వాత కామేశం బాబాయి. "మూడో పడవ. ఒక మడత. అచ్చమ్మక్కా, నిన్న నీ గొంతు వింటే ఎంత ధైర్యంగా ఉందో. అంతా మామూలే అన్నావు చూడూ."

నిన్న మేము పలకలేదు. మొన్నటి మాట బాబాయికి నిన్నటిదిలా గుర్తుండి ఉంటుందని అత్త అంది. నేనూ అంతే అనుకున్నాను. సరంగమ్మ మాత్రం చుట్ట వెలిగించబోయినది ఆగి, పెట్టె వంక చూసింది.

4
పెట్టె మాట: ఒకటి. మా చాప: మూడు.

ఒకటి కలుపుకుంటే రెండు. కలుపుకున్నాం, చాలలేదు. పొద్దున్న కొండ చాటునే రెండు మడతలు పెట్టుకుని బుద్ధిగా బయటికొచ్చాం. ఒక గంట కాకముందే మూడోది పెట్టాల్సి వచ్చింది. అలలు పడవ లోపలికి వచ్చి పోతున్నాయి. అత్త బియ్యం డబ్బాని ఒళ్ళో పెట్టుకుని, తాడుతో నడుముకి కట్టుకుని కూర్చుంది.

సెయింట్ విన్సెంట్ ఉత్తరపు కొస దగ్గర చిన్న రేవులోకి దూరాక సరంగమ్మ నా ఎదురుగా కూర్చుంది.

"మీవోళ్ళు ఏనాడూ పెద్ద అంకె చెప్పరేటే? ఇన్నేళ్ళ నుంచి వింటున్నా. ఒకటి, ఒకటి, మామూలే. ఆ చాపలు చూత్తే ఏమో చిరిగిపోయుంటాయి."

"మా వాళ్ళ నోరు అంతే," అని నవ్వేశాను. నవ్వినందుకు నా మీద నాకే చిరాకేసింది.

గంజి కాచుకుంటూ ఆలోచించాను. పెట్టె మన మాటలతోనే లెక్క కడుతుంది. మనం ఒకటి తగ్గించి చెబితే పెట్టె తగ్గించి చెబుతుంది. పెట్టె చెప్పినదానికంటే పెద్ద అంకె చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. అంచేత మర్నాడు ఇంకాస్త తగ్గుతుంది. నిరుడు వచ్చినవాళ్ళూ, అంతకుముందు వచ్చినవాళ్ళూ ఇలా తగ్గించుకుంటూ పోయారు. ఇప్పుడు ఒకటి కలుపుకుంటే సరిపోదు. ఎంత కలుపుకోవాలో మాలో ఎవరికీ తెలియదు.

"అత్తా, ఈ సాయంత్రం మూడు అని చెప్పు," అన్నాను.

"సంధ్యవేళ ఆ మాట నా నోట రాదమ్మా. పిల్లోడు ముందు నీళ్ళ మీదున్నాడు. ఏదైనా అయితే?"

లింగమే ముందు పలికాడు. వాడు ఈరోజు సెయింట్ విన్సెంట్‌కీ సెయింట్ లూసియాకీ మధ్యనున్న సముద్రపు కాలువలో ఉన్నాడు. ఈ దీవులన్నిటిలోకీ గాలి గట్టిగా కొట్టే చోటు అదే. "ఒకటో పడవ. రెండు మడతలు. సెయింట్ లూసియా కొండలు కనపడతన్నాయి. అంతా మామూలే అక్కా." దగ్గాడు. వెనక బకెట్ ఏదో ధడేల్మని పడింది. వాడు నవ్వాడు.

లింగం నోట 'రెండు' రావడం ఇదే మొదలు. అత్త మాత్రం చేతులు జోడించి, పెట్టె దగ్గరికి వంగి, "రెండో పడవ. ఒక మడత. అంతా మామూలే," అంది. పెట్టె నేను లాక్కుని చెప్పి ఉండాల్సింది. లాక్కోలేదు.

5
పెట్టె మాట: ఒకటి. మా చాప: ఎత్తలేదు.

బయటికి వెళ్ళేది లేదని సరంగమ్మ తేల్చేసింది. రేవులోనే తాళ్ళు తెగేలా ఉన్నాయి. పొద్దంతా చాప కుట్టుకున్నాం, పడవలోని నీళ్ళు తోడుకున్నాం, తడిసిన బియ్యం ఆరబోసుకుంటే సగం గాలికి పోయాయి. మనిషి పక్కనే ఉన్నా అరిచి మాట్లాడాల్సి వస్తోంది. కొండ మీద కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు వంగి, మళ్ళీ లేవకుండా అలాగే ఉండిపోయాయి.

పెట్టె పలికే వేళకి ముగ్గురం ముందే వచ్చి కూర్చున్నాం.

"ఒకటో పడవ. రెండు మడతలు. సెయింట్ లూసియా కొండలు కనపడతన్నాయి. అంతా మామూలే అక్కా."

దగ్గు. బకెట్ పడింది. నవ్వు.

"పలికేడు," అని అత్త కళ్ళు ఒత్తుకుంది. "పలికేడే చౌడీ," అంది నా వైపు తిరిగి.

నిన్న కనపడిన కొండలు ఈరోజు కూడా కనపడుతూనే ఉంటే వాడు ఎక్కడున్నట్టు? అదే దగ్గు. అదే బకెట్. నేను సరంగమ్మ వైపు చూశాను. ఆవిడ తల దించుకుంది.

"పెట్టెకి పడవ మాట అందకపోతే పాత మాటే పలుకుద్ది," అంది. "కొండ చాటున ఉంటే అందదు కదా. జనం కంగారు పడకూడదని రేవోళ్ళు అలా పెట్టేరు. ఆ రోజు కారియాకూలో నువ్వు పలకలేదు అచ్చమ్మా. నీ గొంతుతో పెట్టె పలికింది. కామేశం విన్నది అదే."

"అయితే లింగం కొండ చాటునున్నాడు," అంది అత్త.

"ఉండొచ్చు," అంది సరంగమ్మ. "మునిగిపోయైనా ఉండొచ్చు."

అత్త ఆవిడ నోరు మూసేద్దామన్నట్టు చెయ్యి చాపింది. "సంధ్యవేళ! నీకు పుణ్యం ఉంటాది, ఆ మాట అనకు!"

అప్పుడే కామేశం బాబాయి గొంతు వచ్చింది. చిన్నదానికి జ్వరం తగిలి బెకియాలోనే ఆగారట, ఇప్పుడు తగ్గిందట. రేపు కూడా ఉండి ఎల్లుండి తెల్లవారకుండానే బయల్దేరతారట. "లింగం కొండల దగ్గరికి వెళ్ళిపోయేడు కదా, మరేటి భయం," అన్నాడు. వెనక పిల్లలు ఏదో పాట పాడుతున్నారు. పెట్టె రేపటికి ఒక మడత అంది.

6
పెట్టె మాట: ఒకటి. మా చాప: మూడు, తర్వాత దింపేశాం.

వెతకడానికి వెళ్ళాం. అత్తని రేవులో దిగమంటే దిగలేదు.

చుక్కాని సరంగమ్మ నాకే ఇచ్చింది. కొండ చాటునే మూడు మడతలూ పెట్టాను, ప్రతి ముడీ రెండుసార్లు లాగి చూశాను. కొస దాటగానే జోరు తగిలింది. ముక్కుని గాలివైపు పిసరు తిప్పాను, వదిలాను, మళ్ళీ తిప్పాను. దారప్పోగులు చూస్తూ తాడు లాగాను. నేర్చుకున్నదంతా చేతుల్లోకి దానంతట అదే వచ్చేసింది. ఇంకో రోజైతే గర్వపడేదాన్ని.

కాలువలో సగం దూరం పోయాక సరంగమ్మ వేలు చూపించింది. నీళ్ళ మీద తెల్లగా ఏదో లేచి మునుగుతోంది. కొక్కెం కర్రతో పడవలోకి లాగింది. చాప. మూల ఆకుపచ్చ చిలక. నేను నేసిన చిలక. ముక్కు దగ్గర ఎర్రదారం అయిపోతే కుంకుమరంగుది వేశాను, అదీ అలాగే ఉంది.

చాప స్తంభపు కొయ్య వైపు నుంచి నిలువునా చిరిగింది. మొదటి వరస కట్టుతాళ్ళు బిగించి ఉన్నాయి. రెండో వరస కూడా. మూడో వరస తాళ్ళు మాత్రం ఊరికే వేలాడుతున్నాయి.

అది చూశాక ఏడుపు ఆగలేదు. లింగం లెక్క తప్పలేదు. పెట్టె ఒకటి అంది, వాడు అలవాటు ప్రకారం ఒకటి కలుపుకుని రెండు పెట్టాడు, మొదటిసారి ఉన్నదున్నట్టు రెండనే చెప్పాడు. ఆ పెట్టె చెప్పిన ఒకటి మేము చెప్పిన ఒకట్లతో తయారైంది. మేమూ, మాకు ముందు వచ్చినవాళ్ళూ. మేము దాచిన మడతే వాడి చాపకి లేకుండా పోయింది.

"చాప పోతే పడవ పోయినట్టు కాదు కదా?" అంది అత్త. చిలకని చేత్తో రుద్దుతోంది.

"కాదు," అంది సరంగమ్మ. "తేలుతూ ఉండొచ్చు. పడమటికి కొట్టుకుపోయుండొచ్చు. అటేపు ఇక దీవుల్లేవు."

పడవని నిలబెట్టాను. ముందుచాప ఎదురు పక్కకి, చుక్కాని కట్టేసి. పోట్లాడుకునే రెండింటి మధ్య ఊగుతూ, కళ్ళు మండిపోయేదాకా చుట్టూ చూశాం. సరంగమ్మ కొయ్య ఎక్కి చూసింది. ఏమీ లేదు. పొద్దు వాలుతుంటే గాలి ఇంకా పెరిగింది, మూడు మడతల చాప కూడా ఆగలేదు. దింపేశాం. చిన్న ముందుచాప ముక్కతో రేవులోకి వచ్చి పడ్డాం.

దీపాల వేళ అయింది. మళ్ళీ వాడే. కొండలు కనపడుతున్నాయట. దగ్గు, బకెట్, నవ్వు.

మా వంతు వచ్చింది. అత్త కదల్లేదు. నేనే వంగాను. "రెండో పడవ. మూడు మడతలు పెట్టినా ఆగలేదు. చాప దింపేశాం. కాలువలోకి ఎవరూ రావద్దు."

"మూడో పడవ. ఒక మడత," అన్నాడు కామేశం బాబాయి. "ఏటమ్మా చౌడీ, సంధ్యవేళ ఆ మాటలేటి? మీ సరంగమ్మ మరీ భయస్థురాల్లా ఉంది. లింగం దాటేసేడు, ఇప్పుడేగా విన్నాం. మీ రేవులో ఆగం అమ్మా, తెల్లారగట్ల లేచి తిన్నగా కాలువకే. పిల్లలు మార్టినీక్ మార్టినీక్ అని ఒకటే గోల."

పెట్టె లెక్క కట్టింది. రేపటికి ఒక మడత.

పెట్టె మీద పచ్చదీపం ఇంకా వెలుగుతోంది. అది ఎర్రగా మారేదాకా మాట్లాడొచ్చు. "బాబాయ్, అది లింగం కాదు, పాత మాట," అన్నాను. "కొండ చాటునుంటే పాత మాట వత్తాదిలే, సరంగు చెప్పేడు. అంటే కొండ దగ్గరికి చేరేడనే కదా," అని నవ్వాడు బాబాయి.

"ఇంకొక్క దారే ఉందే," అంది సరంగమ్మ నెమ్మదిగా. "ఆ పడవ లేదు అని ఇంకో పడవోళ్ళు తమ సొంత పేరు పెట్టి చెప్పాలి. చెప్తే పెట్టె ఆ గొంతు ఆపేసి, లెక్క మళ్ళీ కడుద్ది. అప్పుడు ఏ రేవూ కామేశం వాళ్ళని బయటికి వదలదు."

"చెప్తే ఇంకేమవుద్ది?" అని అత్త అడిగింది. అత్తకి తెలుసు, ఇంకేదో ఉందని.

"పెట్టె ఆ పడవ వాకిలి మూసేత్తాది. ఇక దాని మాట పెట్టెకి అందదు. ఆ కుర్రోడు ఎక్కడైనా బతికుండి పిలిచినా ఎవరికీ వినపడదు. తెరవడం ఉండదు."

అత్త నా మణికట్టు పట్టుకుంది. ఆ ముసలి చేతికి అంత బలం ఎక్కడిదో. "అనకే. నీకు దణ్ణం పెడతాను. నువ్వు అంటే అయిపోద్ది."

"అత్తా, అక్కడ పదకొండు మంది ఉన్నారు. పిల్లలు."

"వాడు పిల్లాడు కాదా? నేను పెంచలేదా? రేపు పిలుత్తాడేమో. ఒక్క రోజు చూడవే."

"రేపటికి వాళ్ళు కాలువలో ఉంటారు."

"వాడు పిలిత్తే ఎవరింటారే?"

నాకు వాడి మీద ప్రేమ లేదా? పచ్చదీపం అంచు ఎర్రబడుతోంది. అత్త వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. పెట్టె దగ్గరికి వంగాను. బయట ఇంకా కాస్త వెలుగుంది. తథాస్తు దేవతలు తిరిగే వేళ.

"ఒకటో పడవ లేదు. అందులో వెళ్ళిన సరంగు సెడ్రిక్ లేడు, మా తమ్ముడు రామలింగం లేడు. చెప్పేది రెండో పడవ నుంచి వాడి అక్క చౌడేశ్వరి."

పెట్టెలో ఏదో టక్కుమంది. బాబాయి వెనక పిల్లల గోల ఆగిపోయింది. "ఆగుతున్నాం తల్లీ," అన్నాడు కామేశం బాబాయి. ఇంకేదో అనబోయాడు గానీ దీపం ఎర్రబడింది.

7
పెట్టె మాట: మూడు. మా చాప: మూడు.

గాలి తగ్గడానికి చాలా రోజులు పట్టింది. తగ్గాక కాలువ దాటాం. సెయింట్ లూసియా రేవుల్లో అడుగుతూ వచ్చాం. చిలక లేని చాపతోనో, అసలు చాపే లేకుండానో వచ్చిన పడవని చూశారా అని. ఎవరూ చూడలేదు. పడవ చెక్క దొరికిందని కూడా ఎవరూ అనలేదు. మునిగిందని తెలిస్తే ఒక ఏడుపు ఏడ్చి ఊరుకుందును.

మార్టినీక్‌లో కామేశం బాబాయి వాళ్ళు మాతో కలిశారు. పదకొండు మందీ దిగారు. చిన్నది వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుంది. గాలిబడి పూర్తయిందని సరంగమ్మ నా భుజం తట్టింది. చుక్కాని నా చేతికి బాగా వచ్చిందంది. అది నిజమే.

అత్త ఆ రోజు నుంచీ నాతో మాట్లాడదు. అన్నం పెడుతుంది, తల దువ్వుతుంది, మాట మాత్రం లేదు. కానీ దీపాల వేళకి పెట్టె దగ్గరికి తనే వస్తుంది. మూతి కొంగుతో తుడిచి, "రెండో పడవ. మూడు మడతలు," అని ఉన్నదున్నట్టు చెబుతుంది. మామూలే అనదు. కామేశం బాబాయి కూడా ఇప్పుడు తగ్గించడు. మా వెనక గ్రెనడాలో కొత్తగా బయల్దేరినవాళ్ళు కూడా మూడంటే మూడనే చెబుతున్నారు. పెట్టె లెక్క సరిగ్గా వస్తోంది.

సరంగమ్మ ఒక సంగతి చెప్పలేదు, ఆవిడకీ తెలియదేమో. వాకిలి మూసిన పడవ వంతుని పెట్టె దాటవెయ్యదు. దాని గురించి చివరగా విన్న మాట ఏదైతే అది పలుకుతుంది. అందుకని ఈ దీవుల్లో ప్రతి పడవలోనూ ముందు నా గొంతే వస్తుంది. వరస మొదలవగానే అత్త కళ్ళు మూసుకుంటుంది. నేను మూసుకోను, దగ్గరికి వంగి వింటాను. నా గొంతు వెనక ఎక్కడైనా దగ్గు వినపడుతుందేమోనని. గాలి చప్పుడు వినపడుతుంది. ఒకటో పడవ లేదు, మా తమ్ముడు రామలింగం లేడు అని పెట్టె అంటుంది. రోజూ దీపాల వేళకే అంటుంది.